ఎడమ నుంచి

గోడ మీద ఆ చీటీ చూసినప్పుడు ముందుగాల నాకు కోపం రాలేదు. అద్దానికి మొకం ఆనిచ్చి మళ్లా చదివిన. కోపం ఆ తర్వాత వచ్చింది. వచ్చి, ఇంక పోలేదు.

తార్నాకలో మోకాళ్ల డాక్టరు కాడికి పోయి బయటికొస్తుంటే, రోడ్డు మీద ఒక ఫ్లెక్సీ కట్టి ఉన్నది. అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని విద్యార్థులు రోడ్లెక్కిన నాటి ఫోటోలు యూనివర్సిటీలో పెట్టినరట, అందరూ వచ్చి చూడాల్నట. ఆ రోజులను నేను కండ్లార చూసినోణ్ని. ఆటో ఎక్కి పోయిన.

ఆరో బొమ్మ కాడ ఆగిపోయిన. ముగ్గురు పిల్లగాళ్లు, టియర్ గ్యాసుకు తట్టుకోవాలని మొకాలకు తడి రుమాళ్లు కట్టుకున్నరు. కుడి కొసన ఉన్నోని చెయ్యి పైకి లేచి ఉన్నది, చేతిల రాయి. నడుమోడు మెడ నరాలు ఉబ్బంగ అరుస్తున్నడు. ఎడమ కొసన ఉన్నోడు వంగి బకెట్ల రుమాలు ముంచుతున్నడు. అద్దం లోపల, ఫోటో కిందనే, నాటి అసలు చీటీ కూడా అంటించి పెట్టిండ్రు. నల్ల సిరా, గుండ్రటి అక్షరాలు. "ఎడమ నుంచి" అని రాసి, రెండు చుక్కలు పెట్టి, మూడు పేర్లు. పక్కన గోడ మీద కొత్తగా అచ్చేసిన అట్టముక్క. దాని మీద అవే పేర్లు, అదే వరుసల. ఆ కింద: "ఫొటోగ్రాఫర్: తెలియదు."

తెలియదట. హాలుకు చల్లగాలి మిషన్లు పెట్టనీకి తెలిసింది, లోపలికి రాంగనే గులాబీ పువ్వు చేతిల పెట్టనీకి తెలిసింది. ఫోటో తీసినోడు ఎవడని తార్నాకల నలుగురు ముసలోళ్లను అడగనీకి తెల్వలేదు.

ఆ పేర్ల వరుస తప్పు. ఆ చీటీ నా చేతిరాత.

ఆ ఫోటో తీసినాయన పేరు నేను కూడా ఇక్కడ రాయను. మరిచిపోయి కాదు. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తది.

తార్నాకలో కిరాయి సైకిళ్ల దుకాణం పక్కన ఒక అర్ర ఉండేది. ముందర స్టూడియో, ఎనక వంటిల్లు. ఆ వంటింటి కిటికీకి నల్లబట్ట కట్టి అందులోనే ఫోటోలు కడిగేది. ఏ పత్రికలోనూ కొలువు లేదు. ఎవరు పిలిస్తే వాళ్లకు పోయేది, ఏది తియ్యమంటే అది తీసేది. కడుపు కాడ పట్టుకొని పైనుంచి తొంగి చూసే రెండు కండ్ల కెమెరా ఆయనది. తల వంచి చూసేసరికి ఎదుటోనికి దండం పెట్టినట్టు ఉండేది. ఊడ్చే ఆమె ముందర ఎంత వంగునో, కోటు వేసుకున్న సారు ముందర అంతనే వంగేది. బటన్ ఒత్తే ముందర కెమెరాలకెళ్లి తల ఎత్తి, చెవి మీది పెన్సిలు తీసి, కొస నాలిక మీద తడి చేసుకొని ఒక మాట అడిగేది.

"పేరు చెప్పుర్రి."

చెప్పకపోతే తియ్యడు. ఇది ఆయన పిచ్చి. పిచ్చి అని ఊరంత అన్నది, నేను కూడా అన్న.

నేను ఆయనకు ఎరుకైంది కూడా గట్లనే. అప్పుడు నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల మీద అక్షరాలూ నంబర్లూ రాసే పెయింటర్‌ను. బడి మొకం చూడలేదు. మిర్చిలు చుట్టిన పేపర్ ముక్కలు చదివి తెలుగు నేర్చిన, దుకాణాల బోర్డులు చూసి ఉర్దూ నేర్చిన. పాత ఇంజను ఒకదాన్ని బాగుచేసి బయటికి తెస్తున్నరని ఒక పత్రికోళ్లు ఈయనను పంపిండ్రు. పదకొండు మందిమి ఇంజను ముందర నిలబడ్డం. ఫోర్‌మన్ నడుమ, నేను ఈ కొసన, చేతిల బ్రష్షు. ఒక్కొక్కరి పేరు అడుక్కుంట వచ్చి నా కాడ ఆగిండు. పెయింటర్ అన్న.

"అది పని. పేరు అడిగిన" అన్నడు.

పేపర్ల ఏమొచ్చిందో తెలుసా? "చిత్రంలో ఫోర్‌మన్ తదితరులు." అంతే. ఆయన ఆ పేపర్ ముక్క పట్టుకొని, ఎండల సైకిల్ తొక్కుకుంట వర్క్‌షాపు గేటు కాడికి వచ్చిండు. మాకు మాఫీ చెప్పనీకి వచ్చినోడు, చెప్పకుంటనే ఆ పేపరోళ్లను తిట్టబట్టిండు. "తదితరులంట. తదితరులు ఎవరి కొడుకులురా? పది మంది అమ్మలు పది పేర్లు పెట్టిండ్రు గదా." ఆ మాట చెవిలో పడ్డప్పటి నుంచి నేను డ్యూటీ దిగంగనే ఆ స్టూడియోకే పోయేది.

ఆ రెండేండ్లు ఆయన ఎక్కడెక్కడ తిరిగిండో చెప్తే మీరు నవ్వుతరు. సీతాఫల్‌మండి కాడ రైలు కింద పడ్డ బర్రెను కోర్టు పనికి తీసిండు. బర్రె పేరు అడిగితే దాని ఆసామి ఏడ్సుకుంట గౌరి అని చెప్పిండు, గౌరి అని రాసుకుండు. యూనివర్సిటీలో పట్టాలిచ్చే రోజు పోయిండు. ముఖ్య అతిథి, నా పేరు తెల్వదా అని కండ్లెర్ర చేస్తే, "తెలుసు సార్, మీ నోటికెళ్లి వినాలె" అన్నడు. వారాసిగూడలో ఒక ముసలామె పోయింది. బతికినన్ని దినాలు ఒక్క ఫోటో లేదని కొడుకులు పిలిపిచ్చిండ్రు. పీనుగను కుర్చీల కూసోబెట్టి, శాలువతో కుర్చీకి కట్టిండ్రు. పెన్సిలు తడి చేసి పేరు అడిగిండు. ముగ్గురు కొడుకులు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. అమ్మ అన్నడు ఒకడు. ఆమెకొక పేరుంటది గద అన్నడు ఈయన. వాళ్లకు తెల్వదు. చిలకలగూడల ఉన్న ముసలామె తమ్ముని కాడికి మనిషిని ఉరికిచ్చిండ్రు. పేరు వచ్చేదాక ఈయన కెమెరా కడుపుకు ఆనిచ్చుకొని నిలబడ్డడు, ఆమె కుర్చీల కూసున్నది. ఏడ్సేటోళ్లు ఏడుపు ఆపి పేరుకు ఎదురు చూసిండ్రు. "పేరు లేకుంటే అది ఫోటో కాదు, నీడ" అని ఆయన మాట.

ఆయన చదివింది నిజాం కాలపు ఉర్దూ బడి. తెలుగు మాట్లాడుతడు, రాయరాదు. పేర్లన్నీ ఉర్దూలనే రాసుకునేది. ఉర్దూ కుడికెళ్లి మొదలవుతది కాబట్టి ఫోటోల కుడి కొసన ఉన్నోని పేరు మొదలు, ఎడమ కొసన ఉన్నోని పేరు చివరికి. పత్రికోళ్లకు ఉర్దూ రాదు. అందుకని ఆ చీటీలు చూసి తెలుగుల రాసిచ్చే పని నాది. నన్ను పంతులు అని పిలిచేది, ఎక్కిరిస్తున్నడో ముద్దు చేస్తున్నడో తెల్వకుంట. నేను రాస్తుంటే పక్కన నిలబడి, ఫోటో మీద వేలు పెట్టి, ఇగో ఇక్కడికెళ్లి మొదలు పెట్టు అని చూపిచ్చేది. రెండేండ్లల ఒక్క తప్పు పోలేదు.

ఆ వేలు లేని దినం ఒకటి వచ్చింది.

యూనివర్సిటీల గొడవ ముదిరింది. పోలీసులు లోపలికి వచ్చిండ్రు. ఈయన ఆ పొగల నిలబడి ఆ ముగ్గురి ఫోటో తీసిండు. మొకాలకు రుమాళ్లున్నా ఆయనకు పేర్లు అడిగే పని పడలేదు. పరీక్షల హాల్ టికెట్లకు ఆ హాస్టలు పిల్లగాళ్లందరి ఫోటోలు తీసినోడు, అంగీ చూసి గుర్తు పడతడు. పగటేల స్టూడియోకు వచ్చి, ఫిలిం రోలు కడిగి, ఫోటో అచ్చేసి, ఉర్దూ చీటీ రాసి బల్ల మీద పెట్టి, కండ్ల మీద తడిబట్ట వేసుకొని పడుకున్నడు. కండ్లు మిరపపండ్ల లెక్క ఉన్నయి. పత్రిక మనిషి బయట సైకిల్ మీద ఒక కాలు పెట్టి తొందర చేస్తున్నడు.

రాళ్ల ఫోటోకు పేర్లు కూడా పంపాల్నా అని నేను అడిగిన. అడిగిన మాట నిజం. బట్ట తియ్యకుంటనే ఆయన, "పేరు లేకుంట నా చేతులకెళ్లి ఏ ఫోటో పోయింది పంతులూ? పేర్లు అచ్చెయ్యొద్దని చెప్పు. వాళ్ల ఎరుకకు" అన్నడు. ఇది ఆయన తప్పు. ఆయన తప్పు కూడా చెప్తున్న.

నా తప్పు ఇది. ఉర్దూ చీటీ చేతిల పట్టుకొని, మొదటి పేరు మొదలు, చివరి పేరు చివరికి, మూడు పేర్లూ తెలుగుల దించిన. పేపర్లల్ల ఎప్పుడూ "ఎడమ నుంచి" అని ఉంటది గద, నేను గొప్పగ చదువుకున్నోణ్ని గద, ఉర్దూ చీటీల లేని ఆ రెండు మాటలు నేనే పైన పెట్టిన. వ్యాగన్ మీద రాసినంత నీటుగ రాసిన. ఎత్తి పట్టుకొని చూసుకొని మురిసిన కూడా.

పత్రికోళ్లు ఫోటో వేసిండ్రు, పేర్లు వెయ్యలేదు. ఆ మేరకు మాట నిలబెట్టిండ్రు. వారం తిరగలేదు, కాలేజీ విచారణ అని ఎవరో అడిగితే ఫోటోను చీటీతో సహా తీసి ఇచ్చేసిండ్రు. అడిగినోళ్ల కంటే ముందుగాల లేచి ఇచ్చిండ్రట. ఆ పత్రిక ఇప్పుడు లేదు. ఉంటే వాళ్ల గడప మీద నిలబడి ఈ ముక్క చదివేటోణ్ని.

బకెట్ పిల్లగాడు రాళ్లేసినోడయ్యిండు. హాస్టల్ సీటు పోయింది. స్కాలర్‌షిప్పు ఆపిండ్రు. మంచిర్యాల దిక్కు పల్లె వాళ్లది. తల్లి క్రైస్తవ మిషన్ బడిల గిన్నెలు కడుగుతది. వాడు కాలేజీల తాను రాయి వెయ్యలేదని చెప్పిండు తప్ప, వేసిందెవరో చెప్పలేదు. ఎంత అడిగినా చెప్పలేదు. ట్రంకు పెట్టె పట్టుకొని స్టూడియోకు వచ్చిండు. తిట్టనీకి వచ్చిండేమో అనుకున్న. కూసొని, "అన్నా, నేను బకెట్ పట్టుకున్న గద. నాకు గుర్తున్నది. నీకు గుర్తు లేదా?" అని అడిగిండు.

ఈయనకు సమజ్ కాలేదు. చీటీలు దాచే డబ్బల నుంచి తన ఉర్దూ చీటీ తీసిండు. నా దిక్కు చూసిండు. ఏమి రాసినవ్ అని అడగలేదు. ఎక్కడికెళ్లి మొదలు పెట్టినవ్ అని అడిగిండు. ఎడమ చెయ్యి లేపి చూపిచ్చిన.

తిట్టి ఉంటే బాగుండు. ఆ పిల్లగాణ్ని తన ఇంట్లనే పండుకొమ్మన్నడు. ఇగ కష్టం ఏందో ఆయనకు నాకంటే ముందుగాల తెలిసింది. చీటీ తలకిందులైంది అని చెప్తే బకెట్ పిల్లగాడు బయట పడతడు. కానీ ఆ చెప్పే నోటితోనే రాయేసినోణ్ని పట్టిచ్చినట్టు. పోలీసులు వాణ్ని ఎట్ల చేస్తరో అందరికీ తెలుసు. వాడే వచ్చి ఒప్పుకోవాలె, కిక్కురుమనకుంట కూసున్నడు, లంగగాడు అని నేను మండిపడ్డ.

"వానికి ఇరవై ఏండ్లు. భయపడుతడు. నాకు నలభై ఐదు, నేను కూడా భయపడాల్నా?" అన్నడు.

విచారణ దినం పొద్దుగాల నన్ను పిలిపిచ్చిండు. పాడైన ఒక ఫోటో తిరగేసి నా ముందర పెట్టి, "ఎడమ నుంచి" అన్న ఆ పైమాట ఎట్ల రాస్తరో నేర్పుమన్నడు. ఎందుకన్న. ఆ రాత ఎవరిదని అడుగుతరు, నాదని చెప్తా, రాసి చూపియ్యమంటరు అన్నడు. నేనే వచ్చి చెప్తా అన్న. నిజంగనే అన్న. "నువ్వు సర్కారు నౌకరీల ఉన్నవ్. పంతులువు గద, నేర్పు" అన్నడు. తొమ్మిది గంటలకు మొదలు పెట్టినం. చెయ్యి అలవాటుతోని కుడి దిక్కుకే పోతుంటే నేను మణికట్టు పట్టుకొని ఈ కొసకు గుంజిన. ఎ, డ, మ. గోడకు మేకు కొట్టినట్టు ఒత్తి ఒత్తి రాసిండు. ఇరవై సార్లు రాసిండు. వ్యాగన్లకు రంగు వేసే చేత్తోని ఆయనకు అబద్ధం దిద్దబెట్టిన.

నేను తలుపు కాడ నిలబడ్డ. లోపల పొడుగు బల్ల, ముగ్గురు పెద్దమనుషులు. పేర్లు తప్పు పడ్డయి అని ఈయన చెప్పిండు. అయితే రాయి పట్టుకున్నోడు ఎవడు అని అడిగిండ్రు. తెల్వదు అన్నడు. మరి పేర్లెట్ల రాసినవ్ అన్నరు.

"అందాజగ రాసిన సార్."

వాళ్లు ఒకరి దిక్కు ఒకరు చూసుకున్నరు. ఇదొక్కటేనా అని అడిగిండ్రు. ఆయన పెన్సిలు చెవి మీదికెళ్లి తీసి బల్ల మీద పెట్టిండు.

"అన్నీ అందాజే సార్. నేను ఎవరి పేరూ అడగ. ఏదో ఒకటి రాస్త."

గౌరి అని బర్రె పేరు రాసుకున్న మనిషి. పీనుగ పేరు కోసం గంట సేపు నిలబడ్డ మనిషి. ఆ మాట అన్నడు. బల్ల అవతల ఒకాయన నవ్విండు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. ఆ నవ్వినాయన బతికి ఉంటే ఆ నవ్వుకు సమాధానం అడిగేటోణ్ని.

అనుకున్నట్టే రాసి చూపియ్యమన్నరు. రాసిండు. చీటీ పక్కన పెట్టి చూసి, అక్షరం కలుస్తలేదు గదయ్యా అన్నడు నవ్వినాయన. "ఆ దినం కండ్లు మండుతుండె సార్" అన్నడు ఈయన. మండితే రాత బాగుంటదా అని ఒక్కనికీ అనుమానం రాలేదు. అన్నం వేళయ్యింది. లేచిపోయిండ్రు.

చీటీ చెల్లదన్నరు. బకెట్ పిల్లగాని సీటు వాపస్ వచ్చింది. ఆ ఏటి స్కాలర్‌షిప్పు రాలేదు. రాయేసినోడు పరీక్షలు రాసుకున్నడు. ఆయన సంగతి మాత్రం ఊరంత తెలిసింది. అబద్ధపు పేర్ల ఫోటోగ్రాఫర్ అని పత్రికోళ్లు గడప ఎక్కనియ్యలేదు. ఒకరు మానేస్తే అందరూ మానేసిండ్రు. ఇగ ఇంజన్లు లేవు, యూనివర్సిటీ పట్టాల పండుగలు లేవు. హాల్ టికెట్ ఫోటోలు మిగిలినయి. చాయ్ హోటల్ కాడ పిల్లగాళ్లు సైకిల్ ఆపి, "ఏంది భయ్, నా పేరు అందాజగ చెప్పు" అని ఎక్కిరిచ్చేటోళ్లు. వాళ్ల లాంటోళ్ల కోసమే ఆయన ఎక్కిరింపు పడ్డడని వాళ్లకు తెల్వదు. నేను లేచి తన్నబోతే చెయ్యి పట్టి కూసోబెట్టిండు. ఆ పిల్లగాని మొకం చూసి, వాని అసలు పేరు నా చెవిల చెప్పి, చాయ్ తాగిండు.

ఆ తర్వాత ఆయన ఎవరి పేరూ అడగలేదు. పెన్సిలు చెవి మీద ఉండేది, అలవాటుకు. "ఇగ నా బొమ్మల కింద పేర్లొద్దు పంతులూ. నాది కూడా వద్దు. ఒట్టు పెట్టు" అన్నడొకసారి. పెట్టిన. ఆయన పోయి చాన ఏండ్లయింది. రాయేసినాయన కూడా మొన్నటి ఏడు పోయిండు.

ఇదంత ఎందుకు చెప్తున్ననంటే, హాల్ల ఒక అమ్మాయి ఉండె, ఆ ప్రదర్శన చూసుకునే అమ్మాయి. ఆమెతోని చెప్పిన, వరుస తప్పని. ఈనాడు రాయి పట్టుకున్నోడు వీరుడయ్యిండు గద, ఆ వీరుడు ఫలానా ఆయన అని బకెట్ పిల్లగాని పేరు చూపిస్తున్నరు. నాడు ఆ పేరుకు శిక్ష వేసిండ్రు, నేడు అదే పేరుకు గులాబీ పువ్వు పెడుతున్నరు. రెండు సార్లూ అడిగి తెలుసుకోలేదు. ఆనాడు నీళ్లు మోసిన పని ఎవరికీ లెక్కల లేదు, ఈనాడూ లేదు.

ఆ అమ్మాయి మర్యాదగనే విన్నది. "తాతా, ఆధారం ఏమన్న ఉన్నదా?" అన్నది. ఆ చీటీ రాత నాదే బిడ్డా అన్న. కాయితం, పెన్సిలు ఇచ్చి రాయమన్నది. రాసిన. చేతులు వణికే వయసు. నా "ఎడమ నుంచి" పురుగు పాకినట్టు వచ్చింది. అద్దం పక్కన పట్టి చూసి, పాపం నొప్పి కలగకుంట చెప్పాలని, "అక్షరం కలుస్తలేదు తాతా" అన్నది.

ఆ దినం కండ్లు బాగుండె బిడ్డా అన్న. ఆమెకు అర్థం కాలేదు. ఎవరో పిలిస్తే పోయింది.

పెన్సిలు నా చేతిలనే ఉన్నది. కొస నాలిక మీద తడి చేసుకున్న. ముందుగాల చెయ్యి "తెలియదు" అన్న మాట కాడికి పోయింది. దాని పక్కన ఆయన పేరు రాసే జాగ ఉండె. ఒట్టు యాదికొచ్చింది. చెయ్యి పైకి తీసుకున్న. గోడ మీది అట్టముక్కల "ఎడమ" అన్న మాటను కొట్టేసి, పైన "కుడి" అని రాసిన. పేర్లు ముట్టుకోలేదు. ముట్టుకునే అవసరం లేదు. ఒక్క మాట మారితే మూడు పేర్లూ వాటి మనుషుల మీదికి పోయినయి.

కాపలా ఉన్నోడు చూసి ఉరికొచ్చిండు. ఏంది పెద్దమనిషి, గోడల మీద రాతలేంది, నీ పేరేంది అని గద్దిచ్చిండు.

చెప్పిన. అక్షరం అక్షరం చెప్పిన. రాసుకొమ్మన్న.